నేను లేని గదిలో

దామలచెరువు కాయతో వచ్చిన ట్రాక్టర్లు
మా గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ్నించి బెంగుళూరు రోడ్డు దాకా
చీమల బారు కట్టిన రాత్రుల్లో
నాది ఒక్క చుక్క పని.

గాజు మీద గుజ్జు చుక్క వేసి
లెన్సులో కన్ను పెట్టి
"పద్నాలుగున్నర" అంటాను.
దొరస్వామి సారు రాసుకుంటాడు.
కింద సంతకం ఆయనది.
ఎనిమిది సీజన్లు.
నా కన్ను, ఆయన పెన్ను.

తప్పుగా అనుకోవద్దు,
లెన్సును వెలుతురుకు ఎట్ట తిప్పాలో నేర్పింది ఆయనే.
నేర్పిన చేతిని నిలదీయడం
నాకింకా చేతకాదు.

"పని చేసుకుంటా పో మునిలతా, పనే మాట్లాడుతుంది"
అంటా ఉండె మా నాయన.
ఎనిమిదేండ్లు చెవి పెట్టి విన్నా.
పనికి వాసన ఉంది, బరువుంది,
కొంగుకు అంటుకుని ఎన్నిసార్లు ఉతికినా పోని పసుపుంది.
నోరు మాత్రం లేదు.

ఆ రాత్రి మూడో షిఫ్టులో
అంకె సరిగ్గానే ఉంది, వాసన సరిగా లేదు.
పులుపు కాదు, పులవబోయే ముందటి వాసన;
రేపటి దోసెపిండి
ఈ రాత్రే మూత కింద గుసగుసలాడినట్టు.
"అంకె బాగుంది కదమ్మా" అన్నాడు సారు.
"ముక్కుకు అంకెలు రావు సార్" అన్నా.
నవ్వి టీకి పోయినాడు.

నలభై డ్రమ్ముల మీద సుద్దముక్కతో ఇంటూ గీసినా.
చెయ్యి వణికి గీతలన్నీ వంకర పోయినాయి.

డిస్పాచ్‌లో దిల్షాద్ అక్క.
పదిహేనేండ్లుగా చెన్నై హార్బరుకు లారీలు పంపే మనిషి.
గీతల్ని చూసింది, నన్ను చూసింది,
ఎందుకని అడగలేదు.
"ఎవురన్నా అరిస్తే నా పేరు చెప్పు" అని
లారీని ఖాళీగా పక్కకు పెట్టించింది.
అంతదాకా పేరంటే
హాజరు పట్టీలో టిక్కు అనుకుంటి.

తొమ్మిదో దినం
డ్రమ్ములు కడుపుబ్బరించినాయి.

మేడ మీద మీటింగు.
కింద నేను బీకర్లు కడుగుతా ఉన్నా.
ఆ గదిలో మాటలు నాకు చెప్పింది టీ పిల్లోడు:
"కనిపెట్టిందెవురు?" అన్నాడంట ఓనరు.
"మా ల్యాబు" అన్నాడంట సారు.
"ల్యాబుకు ముక్కుండదు సార్. మునిలత" అనిందంట అక్క.
కాసేపు ఫ్యాను చప్పుడు.
"మునిలత ఎవురు?"
"మునిలత" అనిందంట మళ్లీ,
గుండీ కుట్టి రెండో ముడి వేసినట్టు.
అప్పుడు సారు గొంతు సవరించుకుని
"అవును. నేను వద్దన్నా గీసింది" అన్నాడంట.

ఈ ఆఖరి మాట మాత్రం
పిల్లోడితో మూడుసార్లు చెప్పించుకున్నా.

దండోరా ఏమీ వేయలేదు.
జీతం పెరిగింది, వెయ్యిన్నూట యాభై.
పూతలపట్టు రైతు ఒకాయన గేటు కాడ
"ముక్కమ్మ డ్యూటీలో ఉండాదా?" అని వాచ్‌మన్నడిగి
ఉందంటేనే టార్పాలిన్ విప్పినాడు.
ఫారంలో కొత్త గడి ఒకటొచ్చింది.
అందులో నా సంతకం,
మొదటి వారమంతా వంకరే,
సుద్దగీతల మాదిరి.

ఇప్పుడు మేడ మీద నాకూ ఒక కుర్చీ ఉంది,
ఒక కాలు రవ్వంత ఆడతాది.
మొన్న అడిగినారు:
"మూడో వాల్వు లీకు ఎవురు చూసినారు?"
"మా ల్యాబు"
నాలుక చివర దాకా వచ్చేసింది.
ఎంత మెత్తని మాట అది,
చల్లగా జారిపోతాది గుజ్జు మాదిరి.
కింద ఎవురో గాజులు కడిగే చప్పుడు.

"సెల్వి" అన్నా.
"ఏ సెల్వి?"
పూర్తి పేరు నాకే తెలీదు.
ఉండండి అని లేచి
మెట్లు దిగి పోయి, అడిగి,
ఆయాసంతో మళ్లీ ఎక్కి వచ్చి చెప్పినా.